పాత కార్డును మించిన పోటీదారు లేడు

చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే తెల్లమొహం వేసే ఆటోవాడు, సీటీసీ అంటే మాత్రం నేరుగా పార్క్‌లేన్‌లో తెచ్చి దింపుతాడు. ఆ సందుల్లో కంప్యూటర్లు బిగిస్తూ తల నెరిసినవాణ్ణి నేను. గ్రాఫిక్స్ కార్డుల కంపెనీల పోటీ మీద యూట్యూబ్‌లో కుర్రాళ్ళు గంటల తరబడి మాట్లాడతారు. ఏ చిప్పు ఎన్ని ఫ్రేములిచ్చింది, ఎవరిది ఎన్ని నానోమీటర్లు అంటూ లెక్కలు చెబుతారు. మంచిదే. అయితే కౌంటరు వెనక నిలబడ్డవాడికి కనిపించే పోటీ ఇంకొకటి ఉంది. కొనేవాడు ఎన్నేళ్ళకోసారి వస్తాడు, దేన్ని పీకి దేన్ని పెడతాడు, ఎందుకు ఆగుతాడు? ఎన్విడియా అయినా, ఏఎమ్‌డీ అయినా, ఇంటెల్ అయినా ఆ అలవాట్ల చుట్టూ తిరగాల్సిందే. కొత్తగా ఈ వ్యాపారంలోకి దిగేవాళ్ళకీ, కార్డు కోసం డబ్బులు కూడబెట్టే పిల్లలకీ పనికొస్తాయని నాకు తెలిసినవి రాస్తున్నాను.

1. కంపెనీకి మొదటి శత్రువు అది పోయినసారి అమ్మిన కార్డే.

2016 జులైలో ఎన్విడియా జీటీఎక్స్ 1060ని 249 డాలర్లకు తెచ్చింది. ఆరు జీబీ మెమరీ, తక్కువ కరెంటు, మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కు సరిపడా బలం. కొన్నవాడు మళ్ళీ షాపు గడప తొక్కాల్సిన పని లేకుండా పోయింది. ఆన్‌లైన్‌లో ఆటలమ్మే స్టీమ్ వాళ్ళు నెలనెలా తమ ఆటగాళ్ళ కంప్యూటర్లలో ఏముందో సర్వే చేసి బయటపెడతారు. అందులో ఈ కార్డు ఏళ్ళ తరబడి మొదటి స్థానంలో కూర్చుని, 2022 చివర్లో గానీ దిగలేదు.

మరుసటి ఏడాది మార్చిలో 1080 టీఐ వచ్చింది. 699 డాలర్లు, 11 జీబీ. అది కొన్నవాళ్ళయితే మరీ నిశ్చింతగా ఉన్నారు. 2018 సెప్టెంబరులో ఎన్విడియా ఆర్టీఎక్స్ 2080ని దింపినప్పుడు వాళ్ళు పెదవి విరిచారు. ధర దాదాపు అంతే, వేగం దాదాపు అంతే, మెమరీ మూడు జీబీ తక్కువ. కొత్తగా ఉన్నదల్లా ఆటలో వెలుతురును నిజంలా చూపించే రే ట్రేసింగ్. దాన్ని వాడే ఆట కార్డు వచ్చిన రోజున ఒక్కటీ లేదు. ఎదుట ఏఎమ్‌డీ నుంచి ఆ స్థాయి కార్డు లేనే లేదు, అయినా అమ్మకాలు అనుకున్నంత సాగలేదు. 2019 జనవరిలో కంపెనీ తన త్రైమాసిక ఆదాయం అంచనాను 270 కోట్ల డాలర్ల నుంచి 220 కోట్లకు దించుకుంది. చైనాలో మందగమనం, క్రిప్టో మైనింగ్ పోయాక మిగిలిన సరుకు, దాంతోపాటు కొత్త ఖరీదైన కార్డులు అనుకున్నట్టు పోకపోవడం అని తనే కారణాలు చెప్పింది. ఆ ఏడాది జులైలో ‘సూపర్’ అని పేరు తగిలించి అదే డబ్బుకు ఇంకాస్త బలం ఇచ్చింది. 2020 సెప్టెంబరులో 3000 సిరీస్ ప్రకటిస్తూ ఎన్విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్ పాత పాస్కల్ కార్డులవాళ్ళను, అంటే 1060, 1080 టీఐ తరంవాళ్ళను, పేరుపెట్టి పిలిచాడు, ఇక భయం లేకుండా మారొచ్చని. 499 డాలర్ల 3070 అంతకుముందు 1199 డాలర్లకు అమ్మిన 2080 టీఐకి సాటి అన్నాడు.

ఆ ధర ఏఎమ్‌డీ భయంతో పెట్టాడని చాలామంది రాశారు. అది కొంత నిజం. మిగతాది నాలుగేళ్ళపాటు కిమ్మనకుండా పాత కార్డుతో ఆడుకుంటూ కూర్చున్నవాళ్ళ పని.

2. ఎస్ఎంపీఎస్ చూడకుండా కార్డుల సంగతి మాట్లాడొద్దు.

ఇది పుస్తకాల్లో దొరకదు. 2019 ఏప్రిల్‌లో ఎన్విడియా 149 డాలర్లకు జీటీఎక్స్ 1650 తెచ్చింది. ఏఎమ్‌డీ ఆర్ఎక్స్ 570 అంతకంటే తక్కువకే దొరుకుతోంది, ఆటల్లో అంతకంటే వేగం. రివ్యూలన్నీ 570నే కొనమన్నాయి. జనం 1650 కొన్నారు. స్టీమ్ జాబితాలో 1060ని దింపి పైకెక్కింది కూడా ఈ 1650యే.

ఎందుకో కేబినెట్ మూత తీస్తే తెలుస్తుంది. మన దగ్గరికి వచ్చే కుర్రాడి కంప్యూటరు చాలాసార్లు ఏదో ఆఫీసు వేలంలో తీసేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్. లోపల 240 వాట్ల ఎస్ఎంపీఎస్, కార్డుకు విడిగా కరెంటిచ్చే వైరే ఉండదు. 1650 చాలా మోడళ్ళలో 75 వాట్లతో, మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చే కరెంటుతోనే నడిచిపోతుంది. 570కి రెట్టింపు కావాలి. అంటే కొత్త ఎస్ఎంపీఎస్. ఆ బ్రాండెడ్ డబ్బాలో మామూలు ఎస్ఎంపీఎస్ పట్టదు, కనెక్టర్ కూడా వేరే. కాబట్టి కేబినెట్, దానివెంట మదర్‌బోర్డు. పదివేల పని ముప్పైవేలకు తేలుతుంది. వాళ్ళ నాన్న పక్కనే నిలబడి వాచీ చూసుకుంటూ ఉంటాడు.

రివ్యూ చేసేవాడి బల్లమీద వెయ్యి వాట్ల ఎస్ఎంపీఎస్ ఉంటుంది. అక్కడ గెలిచిన కార్డు ఇక్కడ ఓడిపోతే ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. కంపెనీలు ఫ్రేములతో సమానంగా వాట్లను కూడా లెక్కపెట్టాలి. ఎన్విడియా ఈ సంగతి బాగా గ్రహించింది. అంతకుముందు 1050 టీఐ కూడా ఇదే దారిన అమ్ముడుపోయింది.

3. పై కార్డు గురించి అడుగుతారు, కింది కార్డు కొంటారు.

2008 జూన్‌లో ఎన్విడియా పెద్ద చిప్పుతో జీటీఎక్స్ 280ని 649 డాలర్లకు, 260ని 399 డాలర్లకు పెట్టింది. అంతకు రెండేళ్ళ ముందు 540 కోట్ల డాలర్లకు ఏటీఐని కొని అప్పుల్లో ఉన్న ఏఎమ్‌డీ ఆ ఎత్తుకు ఎగరలేదు. 576 చదరపు మిల్లీమీటర్ల చిప్పు ఎదుట 256 చదరపు మిల్లీమీటర్ల చిప్పు పెట్టింది. రేడియాన్ హెచ్‌డీ 4850 ధర 199 డాలర్లు, 4870 ధర 299. వేగంలో 4870 కార్డు 260 పక్కన నిలబడింది, ఒక్కోసారి ముందుకు కూడా పోయింది. కొద్ది వారాల్లోనే 280 ధర 499కి, 260 ధర 299కి దిగాయి.

చిప్పు చిన్నదైతే ఒక పళ్ళెం సిలికాన్‌లో ఎక్కువ కాయలు కాస్తాయి, ధర దించినా గిట్టుబాటు అవుతుంది. పెద్ద చిప్పుతో ధర దించితే కడుపుకోత. కొనేవాడి జేబు ఎక్కడుందో అక్కడే దెబ్బ కొట్టాలని ఏఎమ్‌డీ పట్టిన పట్టు అది. 2024 సెప్టెంబరులో ఏఎమ్‌డీ గ్రాఫిక్స్ వ్యవహారాలు చూసే జాక్ హుయిన్ మళ్ళీ అదే మాట చెప్పాడు, అందరికంటే పెద్ద కార్డు కోసం పరిగెత్తం, ముందు మార్కెట్లో వాటా పెంచుకుంటామని. అన్నట్టే 2025 మార్చిలో 599 డాలర్లకు ఆర్ఎక్స్ 9070 ఎక్స్‌టీతో ఆగిపోయారు, 1999 డాలర్ల ఆర్టీఎక్స్ 5090కి ఎదురు పెట్టలేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. 5090ని కొనేవాడు వందలో ఒకడు కూడా ఉండడు. అయినా ‘అన్నిటికంటే ఫాస్ట్ ఎవరిదన్నా?’ అని అడిగి, ఆ కంపెనీదే కిందిరకం కార్డు కొనుక్కునేవాళ్ళు బోలెడు. పైన కార్డు లేని కంపెనీ కింద రెండు మెట్లు మేలైనది ఇస్తేగానీ ఒక మెట్టు గెలవదు.

4. ‘ఏఎమ్‌డీది వస్తే ఎన్విడియా ధర తగ్గుద్దా అంకుల్?’

నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. అడిగినవాడికి ఏఎమ్‌డీ కార్డు కొనే ఉద్దేశం ఉండదు. ఏఎమ్‌డీ బాగా కొట్టాలి, ఎన్విడియా ధర దించాలి, అప్పుడు తను ఎన్విడియా కొనుక్కోవాలి.

2019లో ఇది కళ్ళముందే జరిగింది. ఆర్ఎక్స్ 5700 ఎక్స్‌టీకి ఏఎమ్‌డీ జూన్‌లో 449 డాలర్ల ధర చెప్పింది. ఎన్విడియా జులై మొదట్లో సూపర్ కార్డులు ప్రకటించింది, 2060 సూపర్ 399కి. కార్డు అమ్మకానికి రావడానికి రెండు రోజుల ముందు ఏఎమ్‌డీ తన ధరను 399కి దించేసింది. కొనేవాళ్ళకు పండగే. కానీ ధర దించినవాడికి దక్కాల్సిన బేరం మళ్ళీ ఎక్కువ భాగం పక్కకే పోయింది. అలా ఏటేటా పోతూ ఉంటే ఆ కంపెనీ ఇంజినీర్ల జీతాలకీ, డ్రైవర్లకీ పెట్టే డబ్బు ఎక్కణ్ణించి తెస్తుంది? ఈ మధ్య లెక్కల్లో విడికార్డుల మార్కెట్లో ఎన్విడియా వాటా ఎప్పుడూ 80 శాతానికి పైనే. అప్పుడు ఏఎమ్‌డీవాడు ఏం చేస్తాడంటే, ఎన్విడియా ధర చూసి యాభై డాలర్లు తగ్గించి పెట్టుకుంటాడు. యుద్ధం చేస్తే నష్టం తనకు, లాభం ఎదుటివాడి ఖాతాదారుకు అని తెలిశాక ఇంకెవరైనా అంతే చేస్తారు.

బేరమాడే హక్కు కొనేవాడిది, కాదనను. నేనూ వ్యాపారినే. కానీ ధరలు కొండెక్కి కూర్చున్నాయని నా కౌంటరు మీద చెయ్యేసి తిట్టేవాళ్ళలో ఈ ప్రశ్న అడిగినవాళ్ళే ఎక్కువ.

5. చెడ్డపేరు అందరికీ ఒకేలా అంటదు.

2003లో ఎన్విడియా ఎఫ్ఎక్స్ 5800 అల్ట్రా మోత అందరూ నవ్వుకునేంత. 2010లో జీటీఎక్స్ 480 ఆరు నెలలు ఆలస్యంగా, నిప్పుకణికలా వచ్చింది. ఆ ఆరు నెలలూ ఏఎమ్‌డీ హెచ్‌డీ 5870 పక్కన సిద్ధంగా ఉంది. అయినా ఆగినవాళ్ళున్నారు. వచ్చాక కొన్నారు కూడా.

అదే 2013లో ఏఎమ్‌డీ ఆర్9 290ఎక్స్, కంపెనీ ఫ్యానుతో 95 డిగ్రీల దగ్గర నడిచేలా వచ్చింది. కొన్ని నెలలకే మంచి ఫ్యాన్లున్న మోడళ్ళు వచ్చాయి, వేడి దిగింది. కానీ ‘రేడియాన్ వేడెక్కుద్ది’ అనే మాట మాత్రం పదేళ్ళ తర్వాత పుట్టిన కార్డులకు కూడా అంటుకుంది. 5700 ఎక్స్‌టీకి మొదటి నెలల్లో స్క్రీన్ నల్లబడే జబ్బు నిజంగానే ఉండేది. 2020 ఫిబ్రవరి డ్రైవర్‌తో చాలావరకు సర్దుకుంది. ఆ సర్దుబాటు వార్త ఎవరికీ చేరలేదు.

దీనికి కారణం మనిషి నాలుగైదేళ్ళకోసారి మాత్రమే కార్డు మార్చడం. ఏటా కొనేవాడైతే ఒకసారి ఇటు, ఒకసారి అటు చూస్తాడు. నాలుగేళ్ళకోసారి ఇంట్లో ఒప్పించి కొనేవాడు ప్రయోగాలు చెయ్యడు, పోయినసారి ఇబ్బంది పెట్టని పేరే అడుగుతాడు. పైగా అతని మిత్రులందరి దగ్గరా అదే ఉంటుంది. ఏదైనా తేడా వస్తే అడగడానికి మనిషి దొరుకుతాడు.

మానిటర్ సంగతి కూడా కలుపుకోండి. 2013లో ఎన్విడియా, కార్డు ఫ్రేములతో మానిటర్‌ను జత కలిపే జీ-సింక్ తెచ్చి, మానిటర్‌లో తన పలకనే పెట్టించింది. ఆ మానిటర్ కొన్నవాడు కార్డు మార్చినా, ఆ సౌకర్యం వదులుకుంటే తప్ప కంపెనీ మారలేడు. 2019 జనవరిలో గానీ ఎన్విడియా మామూలు అడాప్టివ్ సింక్ మానిటర్లకు తలుపు తియ్యలేదు.

6. మెమరీ ఎంత పెట్టాడో చూడు, మళ్ళీ నిన్ను ఎప్పుడు రమ్మంటున్నాడో తెలుస్తుంది.

2021లో ఆర్టీఎక్స్ 3060కి 12 జీబీ. 2023లో దాని తర్వాతి 4060కి 8 జీబీ. 2025లో 5060కీ 8 జీబీయే. చిప్పుకూ మెమరీకీ మధ్య దారి వెడల్పు 192 బిట్లు ఉంటే 6 గానీ 12 గానీ పట్టేవి, 128కి తగ్గిస్తే 8 గానీ 16 గానీ. అంటే 8 పెట్టడం కంపెనీ ఎంచుకున్నదే. 1060, 1080 టీఐ కార్డులు అంతకాలం ఎందుకు బతికాయో అందరికంటే బాగా తెలిసింది వాటిని చేసినవాళ్ళకే. ఇది నా అభిప్రాయం, కౌంటరు అనుభవంతో చెబుతున్నా.

2023 మార్చిలో ద లాస్ట్ ఆఫ్ అస్ పీసీకి వచ్చినప్పుడు 8 జీబీ కార్డులు పెద్ద సెట్టింగుల దగ్గర తడబడ్డాయి. చిప్పులో బలం ఉంది, గోడల మీద బొమ్మలు మాత్రం మైనం కరిగినట్టు. అప్పుడు ఏఎమ్‌డీ ఏం చెయ్యాలి? అవకాశం చేతికొచ్చింది. మే నెలలో 269 డాలర్లకు ఆర్ఎక్స్ 7600 తెచ్చింది, 8 జీబీతో! 16 జీబీ 7600 ఎక్స్‌టీ మరుసటి జనవరికి వచ్చింది.

7. హాస్టల్ కుర్రాడి ఓటు ల్యాప్‌టాప్ కంపెనీ వేస్తుంది.

బీటెక్‌లో చేరేవాడికి డెస్క్‌టాప్ ఎవరూ కొనివ్వరు. ఆర్టీఎక్స్ ఉన్న ల్యాప్‌టాప్ కొంటారు. అందులో కార్డు మార్చేది లేదు, షోరూములో రేడియాన్ ఉన్నది వెతికితే దొరికేది అంతంతమాత్రం. స్టీమ్ జాబితాలో ఈ మధ్య 4060 ల్యాప్‌టాప్ రకం పైవరసలో ఉండడం దీనివల్లే. నాలుగేళ్ళ తర్వాత ఉద్యోగం వచ్చి డెస్క్‌టాప్ బిగించుకోడానికి నా దగ్గరికి వచ్చేసరికి వాడికి తెలిసిన పేరు ఒక్కటే.

8. సెకండ్ హ్యాండ్ కార్డు కూడా ఒక కంపెనీయే.

2020 నుంచి రెండేళ్ళు ఈథీరియం అనే క్రిప్టో నాణేల మైనింగ్‌వాళ్ళు కార్డులు మూటలకు మూటలు ఎత్తుకుపోయారు. ఎన్విడియా 3060కి మైనింగ్ అడ్డుకట్ట పెట్టింది. కొన్నాళ్ళకే పొరపాటున తన సొంత డ్రైవర్‌తోనే దాన్ని తీసేసింది. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం మైనింగ్ అవసరం లేని పద్ధతికి మారిపోయింది. సరిగ్గా ఐదు రోజులకు 4000 సిరీస్ ప్రకటన. అప్పటికే పాత కార్డులు సంతకు వచ్చేశాయి. అంతకుముందు నెల ఎన్విడియా గేమింగ్ ఆదాయం ఏడాది కిందటితో పోలిస్తే మూడోవంతు పడిపోయిందని చెప్పుకుంది. కొత్త కార్డుల ధరలు మాత్రం పైపైకే పెట్టింది. గోదాముల్లో ఉన్న 3000 సిరీస్ ముందు కదలాలి కదా.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకు రెండు మాటలు. ముందు వెనకపలక చూడండి. థర్మల్ ప్యాడ్ల నుంచి నూనె కారి మరక కట్టి ఉంటే అది రేయింబవళ్ళు వేడిలో నడిచిందని అర్థం. స్క్రూల మీద గీతలుంటే ఎవరో విప్పారు. ఫ్యాను వేలితో తిప్పితే ఊగకూడదు. జీపీయూ-జెడ్ పెట్టి చూడండి. పాత 550 టీఐకి బయాస్ మార్చి 1050 టీఐ అని అంటగట్టేవాళ్ళను అది ఇట్టే పట్టేస్తుంది. ఆర్ఎక్స్ 580 అంటే షేడర్లు 2304 ఉండాలి. 2048 ఉంటే అది చైనా కోసం చేసిన తక్కువరకం. తర్వాత కార్డును బాగా శ్రమపెట్టే ఫర్‌మార్క్ పావుగంట నడపండి. అమ్మేవాడు ‘అంతసేపెందుకు’ అన్నాడంటే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

9. కార్డు ఒక్కటే మార్చే అలవాటు కొత్తవాడి పొట్ట కొడుతుంది.

2024 డిసెంబరులో ఇంటెల్ ఆర్క్ బీ580ని 249 డాలర్లకు, 12 జీబీతో తెచ్చింది. రివ్యూలు మెచ్చుకున్నాయి. నాకూ సంతోషమే, మూడోవాడు ఉంటే బజారు బాగుంటుంది. నెల తిరక్కుండానే అసలు సంగతి బయటపడింది. ఆరేడేళ్ళ నాటి ప్రాసెసర్ మీద పెడితే ఆ కార్డు డ్రైవరే ప్రాసెసర్ బలమంతా తినేస్తోంది. పైగా రీసైజబుల్ బార్ అనే సౌకర్యం లేని పాత మదర్‌బోర్డుల్లో దాన్ని పెట్టి లాభం లేదు. ఇరవైవేల చిల్లర కార్డు కొనేదెవరు? పాత ప్రాసెసర్ అలాగే ఉంచి కార్డు ఒక్కటి మార్చుకునేవాడే. ఎవరికోసం చేశారో వాళ్ళ ఇంట్లోనే అది సరిగా నడవలేదు. ప్రయోగశాలలో కొత్త ప్రాసెసర్‌తో పరీక్షించి పంపితే ఇలాగే అవుతుంది.

దీనికి సరిగ్గా వ్యతిరేకం 2021లో ఏఎమ్‌డీ తెచ్చిన ఎఫ్ఎస్ఆర్. తక్కువ రిజల్యూషన్‌లో ఆడించి పెద్దదిగా చూపించే సాఫ్ట్‌వేర్ అది. దాన్ని ఎదుటికంపెనీ జీటీఎక్స్ 1060 మీద నడిపి చూపించారు! అలాంటిదే ఎన్విడియా డీఎల్ఎస్ఎస్ కావాలంటే ఆర్టీఎక్స్ కొనాల్సిందే. కార్డు మార్చనివాణ్ణి మచ్చిక చేసుకునే పని పోటీదారు చేశాడు. ఆ కృతజ్ఞత తర్వాత ఎన్ని బిల్లులుగా మారిందంటే, నా కౌంటరు దగ్గర పెద్దగా కనిపించలేదు.

10. ఇప్పుడు ఆగితే ఎవరికి నొప్పి?

2022 జనవరితో ముగిసిన ఏడాదిలో ఎన్విడియాకు గేమింగ్ నుంచి 1,246 కోట్ల డాలర్లు, డేటా సెంటర్ల నుంచి 1,061 కోట్లు వచ్చాయి. మూడేళ్ళ తర్వాత, 2025 జనవరితో ముగిసిన ఏడాదిలో గేమింగ్ 1,135 కోట్లు, డేటా సెంటర్లు 11,520 కోట్లు. గేమర్లు అందరూ కలిసి ఒక ఏడాది కార్డు కొనకపోయినా ఆ లెక్కలో పదోవంతు కూడా కదలదు. 2019లో కంపెనీని దారికి తెచ్చిన ఆ మొండితనానికి ఎన్విడియా దగ్గర ఇప్పుడు అంత విలువ లేదు. ఒకే ఫ్యాక్టరీ సిలికాన్, ఎటు పెడితే ఎక్కువ లాభమో అటే పోతుంది.

ఏఎమ్‌డీ దగ్గర, ఇంటెల్ దగ్గర మాత్రం ఆ విలువ ఇంకా ఉంది. వాటా తక్కువైనవాడికి ఒక్కో బిల్లూ లెక్కే. 9070 ఎక్స్‌టీ వచ్చిన వారంలో డిస్ట్రిబ్యూటర్ దగ్గర సరుకు నిలబడలేదు, ప్రకటించిన ధరకు దొరకనూ లేదు. అది చూసి, ‘ఈసారి ఎన్విడియా ధర తగ్గుద్దా’ అని అడక్కుండా నేరుగా రేడియాన్ డబ్బా అడిగి, డ్రైవర్ గురించి నాలుగు ప్రశ్నలు వేసి కొనుక్కుపోయిన కుర్రాళ్ళు నాకు కొందరు తగిలారు. వాళ్ళలో ఎంతమంది మళ్ళీ అదే అడుగుతారో వచ్చే నాలుగేళ్ళలో తెలుస్తుంది.